కథ వయసు, మనిషి వయసు

2022 మార్చిలో ‘కార్తీక దీపం’ సీరియల్లో ఒక కారు ప్రమాదం జరిగింది. అందులో దీప, కార్తీక్ ఇద్దరూ చనిపోయారు. 2017 అక్టోబరు నుంచి తెలుగిళ్లలో వంటలక్క, డాక్టర్ బాబు అని సొంత మనుషుల్లా పిలిపించుకున్న ఇద్దరూ ఒక్కసారిగా కథలోంచి వెళ్లిపోయారు. ఆ వెంటనే కథ ఏళ్ల తరబడి ముందుకు దూకింది. నిన్నటిదాకా బడికి వెళ్లిన కవలపిల్లలు హిమ, శౌర్య పెళ్లీడుకొచ్చి కనిపించారు. ఒకరు డాక్టరు, ఇంకొకరు ఆటో డ్రైవరు. చూసేవాళ్లు ఒప్పుకోలేదు. ఆగస్టు వచ్చేసరికి దీప కోమాలోంచి కళ్లు తెరిచింది. కార్తీక్ కూడా బతికే ఉన్నాడు. పెద్దవాళ్లయిన అమ్మాయిలు తప్పుకున్నారు. కథ మళ్లీ పిల్లల చిన్నతనంలోకి వెళ్లింది.

సీరియళ్లలో ఇవన్నీ మామూలే అని చాలామంది వదిలేశారు. నేను వదల్లేకపోయాను. కాలాన్ని ముందుకు తోసి, జనం కాదంటే వెనక్కి లాగిన ఆ కొద్ది నెలల్లో సీరియల్ అనే కథారూపానికి ఉన్న అసలు ఇబ్బంది అంతా బయటపడింది. పాత్రల వయసు, కథ నడక, నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పేదానికీ ఉండాల్సిన పొంతన, ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి జారితే మిగతా రెండూ జారతాయి. వాటి గురించే ఇవాళ మీతో మాట్లాడాలని ఉంది.

ముందు లెక్క చూద్దాం. ‘కార్తీక దీపం’ 2023 జనవరిలో ముగిసేనాటికి 1500 పైచిలుకు ఎపిసోడ్లు అయ్యాయి. ప్రకటనలు పోగా ఎపిసోడుకు 20 నిమిషాలే వేసుకున్నా 500 గంటలు దాటుతుంది. రెండున్నర గంటల సినిమాలు 200 వరసగా చూసినంత. ఈటీవీలో ‘అభిషేకం’ 2008 నుంచి 2022 దాకా నడిచింది, దాదాపు 4000 ఎపిసోడ్లు. ఏ రచయితైనా మొదటి రోజున కూర్చుని ఇంత కథ ఊహించి పెట్టుకోగలడా? పెట్టుకున్నా అది అలాగే నడవదు. వారం వారం రేటింగులు వస్తాయి. విలన్ ట్రాక్ జనానికి పట్టిందంటే అది ఇంకో రెండు నెలలు పెరుగుతుంది. ఒక నటి డేట్లు లేవంటే ఆ పాత్ర పుట్టింటికి వెళుతుంది, లేదా అమెరికా వెళుతుంది. అంటే కథ ఎంత నిదానంగా నడవాలో, ఎంత వేగంగా నడవాలో కథ నిర్ణయించదు. బయటి అవసరాలు నిర్ణయిస్తాయి.

ఇక్కడే రెండు కాలాలు విడిపోతాయి. కథలో ఒక రాత్రి జరిగే గొడవ మన ఇంట్లో రెండు వారాలు నడుస్తుంది. కానీ సంక్రాంతి మాత్రం సమయానికే రావాలి. మనింట్లో ముగ్గు వేసిన రోజు వాళ్లింట్లోనూ ముగ్గు పడాలి, శ్రావణ శుక్రవారం నాడు వాళ్లూ వరలక్ష్మీ వ్రతం చెయ్యాలి, బతుకమ్మ రోజుల్లో వాళ్లూ ఆడాలి. ఇప్పుడు కూర్చుని కూడితే ఆ ఇంట్లో దసరాకీ సంక్రాంతికీ మధ్య గడిచినవి పట్టుమని పది రోజులు ఉండవు. గర్భవతి అయిన కోడలికి ఏడాది దాటినా నెలలు నిండవు. కొన్నిసార్లు రచయితకు బిడ్డ అవసరం పడి నాలుగు నెలల్లోనే పురుడు వస్తుంది.

నిదానం తప్పని నేను అనను. ఈ రూపం రేడియోలో పుట్టింది, నిదానంగానే పుట్టింది. 1930లలో అమెరికాలో ఇర్నా ఫిలిప్స్ అనే రచయిత్రి రోజువారీ రేడియో నాటకాలకు ఒక పద్ధతి ఏర్పరిచింది. పగటిపూట ఇంటిపని చేసుకుంటూ వినే స్త్రీలు ఆమె శ్రోతలు. పొయ్యి మీద ఏదో పొంగుతుంది, పిల్లాడు ఏడుస్తాడు, గుమ్మంలోకి ఎవరో వస్తారు. సగం మాట వినపడదు. రెండు రోజులు అసలు వినడమే కుదరదు. అందుకని ఒకే విషయాన్ని ఒక పాత్ర ఇంకో పాత్రకు చెబుతుంది, ఆ పాత్ర మూడో పాత్రకు చెబుతుంది. ప్రతిసారీ ఒక కొత్త మనసులోంచి ఆ విషయాన్ని వింటాం. ఆమె మొదలుపెట్టిన ‘గైడింగ్ లైట్’ 1937లో రేడియోలో వచ్చి, 1952లో టీవీకి మారి, 2009 దాకా సాగింది. 72 ఏళ్లు! నిదానమే ఆ కథను అంతకాలం బతికించింది.

నిదానంగా నడవడం వేరు, నడవకుండా నిలబడటం వేరు. ఒక చిన్న సంగతి పదిమంది మనసుల మీద ఎలా పనిచేసిందో చూపించడానికి పది ఎపిసోడ్లు తీసుకుంటే నేను సంతోషంగా చూస్తాను. మనకు తెలిసిన నిజం పాత్రకు తెలియకుండా ఉంచడానికి రెండేళ్లు తీసుకుంటే మాత్రం ఆ ఆలస్యానికి మూల్యం పాత్ర చెల్లిస్తుంది. చెప్పబోయే మాట దగ్గర ఫోన్ మోగుతుంది, ఉత్తరం గాలికి ఎగిరిపోతుంది, నిజం తెలిసిన మనిషి స్పృహ తప్పుతాడు. మొదటిసారి ఉత్కంఠ కలుగుతుంది. ఐదోసారికి ఆ పాత్ర తెలివి మీదే మనకు అనుమానం వస్తుంది. కార్తీక్ గుండె డాక్టరు. భార్యను అనుమానించి, కన్నబిడ్డలను కాదనుకుని ఏళ్లు గడిపిన మనిషి. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చు కదా అని రాష్ట్రమంతా అడిగింది. ఆ ప్రశ్నను హాస్యంగా తీసుకున్నారు గానీ అది చాలా న్యాయమైన ప్రశ్న. కథను ఆపి ఉంచడానికి ఒక చదువుకున్న మనిషి చేత చదువుకోనివాడి పని చేయించారు. ఆ పాత్రకు జరిగిన నష్టం అది.

ఇక వయసు సంగతి. అమెరికన్ సీరియళ్లలో ఒక విచిత్రం చాలాకాలంగా ఉంది. పసిబిడ్డ పుడుతుంది, కొన్నాళ్లు ఉయ్యాలలో కనిపిస్తుంది, తర్వాత మేడ మీద గదిలో నిద్రపోతూ ఉంటుంది. రెండేళ్లు తిరిగేసరికి మెట్లు దిగి వచ్చేది పదహారేళ్ల అమ్మాయి. లిండా హిర్ష్ అనే కాలమిస్టు దీనికి జబ్బు పేరులా ఒక పేరు పెట్టింది, సోప్ ఒపేరా ర్యాపిడ్ ఏజింగ్ సిండ్రోమ్ అని. ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ 1956లో మొదలైన సీరియల్. అందులో టామ్ హ్యూజ్ అనే పిల్లాడు 1961లో తెర మీద పుట్టాడు. పదేళ్లు గడిచాయో లేదో వియత్నాం యుద్ధంలో సైనికుడు. అమ్మానాన్నలకు మాత్రం ఆ పదేళ్లలో పదేళ్లే గడిచాయి.

ఎందుకలా చేస్తారంటే, పసిపిల్లలతో షూటింగ్ కష్టం. ఏడుస్తారు, నిద్రపోతారు, డైలాగు చెప్పలేరు. చట్టం కూడా అడ్డం, అడ్డం ఉండాలి కూడా. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటులతో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. అన్నిటికన్నా పెద్ద కారణం కథే. ప్రేమ, పెళ్లి, అత్తింటి పోరు, వీటి చుట్టూ తిరిగే రూపంలో ఎనిమిదేళ్ల పిల్లకు చోటు తక్కువ.

పిల్లలే కేంద్రంగా వచ్చిన సీరియల్ ఒకటి మనవాళ్లందరికీ తెలుసు. 2008లో హిందీలో మొదలైన ‘బాలికా వధు’, తెలుగులో మాటీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా వచ్చింది. ఆనంది పాత్రలో అవికా గోర్. 2010లో కథ కొన్నేళ్లు ముందుకు జరిగి ఆనందిగా ప్రత్యూష బెనర్జీ వచ్చింది, 2013లో ఆ పాత్ర తోరల్ రాస్‌పుత్రాకు వెళ్లింది. అదే 2013 చివర్లో తెలుగువాళ్లు ‘ఉయ్యాలా జంపాలా’ సినిమాలో అవికా గోర్‌ను కథానాయికగా చూశారు. కథలో ఆనంది అప్పటికే జీవితంలో సగం చూసేసింది. మొదటి ఆనంది మాత్రం తన సొంత వయసుతో, తన సొంత వేగంతో పెరిగి పెద్దమ్మాయి అయి మన ముందుకు వచ్చింది. ఆ సినిమా చూసిన ఆడవాళ్లు ‘అయ్యో, మన ఆనందే, ఎంత పెద్దదైందో’ అనడం నేను విన్నాను. సీరియల్ ఇవ్వలేకపోయిన ఆనందం అది, ఒక పిల్ల నిజంగా పెరగడం చూసిన ఆనందం.

పిల్లలు తొందరగా పెద్దవాళ్లవుతారు సరే, పెద్దవాళ్లు ముసలివాళ్లవ్వాలి కదా. అక్కడ గడియారం ఆగిపోతుంది. ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ 2000 జులైలో స్టార్ ప్లస్‌లో మొదలైంది. తులసిగా వచ్చినప్పుడు స్మృతి ఇరానీకి 24 ఏళ్లు. కథ ఒకసారి 20 ఏళ్లు దూకింది, తర్వాత మళ్లీ దూకింది. 2008లో సీరియల్ ముగిసేనాటికి 32 ఏళ్ల మనిషి నాయనమ్మ పాత్ర చేస్తోంది. పాపిట పక్కన రెండు తెల్ల వెంట్రుకలు, కళ్లద్దాలు, మెత్తని రంగు చీర. అంతే, వృద్ధాప్యం. ఆ ఇంట్లో మొదటి రోజే పండు ముసలిగా ఉన్న బా, సుధా శివ్‌పురి పోషించిన పెద్దావిడ, ఇన్ని దూకుళ్లు దాటి అలాగే కూర్చుని ఉంది. కూడి చూస్తే ఆమె వయసు మనిషి ఆయుష్షు దాటిపోతుంది.

ఇందులో నన్ను నొప్పించేది ఒకటుంది. కథ అలా దూకినప్పుడు దాటేసే ఏళ్లు ఏవి? ముప్పై నుంచి యాభై దాకా ఉన్న ఏళ్లు. ఆడమనిషి జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ సంగతులు జరిగే ఏళ్లు అవి. పిల్లల చదువులు, అమ్మానాన్నల జబ్బులు, ఉద్యోగంలో పైకి రావడమో ఆగిపోవడమో, భర్తతో మాట తగ్గడం, మళ్లీ కుదరడం, ఒంట్లో వచ్చే మార్పులు. సీరియల్ చూసే వాళ్లలో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. వాళ్లున్న చోటనే కథ దూకి వెళ్లిపోతుంది. దూకకుండా నడిస్తే రోజుకు 20 నిమిషాల చొప్పున చెప్పడానికి ఇంతకన్నా సరుకు ఎక్కడ దొరుకుతుంది?

దూకకుండా నడిచిన కథ ఒకటి ఉంది. అది రేడియోలోనే ఉంది. బీబీసీలో వచ్చే ‘ది ఆర్చర్స్’. 1950లో కొద్ది రోజులు ప్రయోగాత్మకంగా వినిపించి, 1951 జనవరి 1 నుంచి దేశమంతటికీ ప్రసారం చేశారు. ఇప్పటికీ వస్తోంది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో తిండికి కటకటగా ఉంది, రైతులకు కొత్త పద్ధతులు చెప్పాలి. మన ఆకాశవాణి ‘పాడిపంటలు’ కార్యక్రమం నేరుగా చెప్పిన విషయాలను అక్కడ ఈ నాటకాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రీ బేస్లీ ఒక పల్లె కుటుంబం నోట చెప్పించాడు. ఆంబ్రిడ్జ్ అనే ఊరు కల్పితం. కానీ అక్కడి కాలం నిజం. బయట గొర్రెలు ఈనే రోజుల్లో అక్కడా ఈనుతాయి, బయట కోతలప్పుడు అక్కడా కోతలు. 2001లో బ్రిటన్‌లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు ఆ ఊరి రైతులూ భయపడ్డారు. పాత్రలు ఏడాదికి ఏడాదే పెరుగుతాయి. పుట్టిన బిడ్డ ఐదేళ్ల తర్వాత బడికి వెళుతుంది, ఇరవై ఏళ్ల తర్వాత పొలం తనకు కావాలో వద్దో తేల్చుకుంటుంది.

దీనికి బలం ఎక్కడిదంటే, ముఖం కనపడకపోవడంలో ఉంది. రేడియోలో తెల్లజుట్టు పెట్టనక్కర్లేదు. గొంతు తనంతట తానే వయసు చెబుతుంది. నార్మన్ పెయింటింగ్ అనే నటుడు 1950 నుంచి ఫిల్ ఆర్చర్ పాత్ర చేశాడు. కుర్రరైతుగా మొదలై, పెళ్లి చేసుకుని, భార్య గ్రేస్‌ను 1955లో అగ్నిప్రమాదంలో పోగొట్టుకుని, మళ్లీ జిల్‌ను చేసుకుని, పిల్లలను పెంచి, పొలం కొడుక్కి అప్పగించి, తాతయ్యాడు. 2009 అక్టోబరులో చనిపోయే కొద్ది రోజుల ముందు వరకూ ఆయన రికార్డింగ్ చేశాడు. దాదాపు అరవై ఏళ్లు ఒకే గొంతు. ఆ గొంతు వణుకు నటన కాదు. రచయితలు వెంటనే ఇంకొకరిని తీసుకురాలేదు. 2010 ఫిబ్రవరిలో, ఫిల్ తన కుర్చీలో సంగీతం వింటూ పోయినట్టు కథలో చెప్పారు. లక్షలమంది శ్రోతలు కొద్ది నెలల తేడాలో ఇద్దరిని పోగొట్టుకున్నారు.

అదే నాటకంలో పెగ్గీ అనే పాత్ర కథ ఇంకా లోతైనది. జూన్ స్పెన్సర్ అనే నటి 1950 ప్రయోగ ప్రసారంలోనే ఆ పాత్ర చేసింది, మధ్యలో కొన్నేళ్లు వేరొకరు చేసినా తిరిగి వచ్చింది, 2022లో 103 ఏళ్ల వయసులో విరమించుకుంది. కథలో పెగ్గీ భర్త జాక్ వూలీకి మతిమరుపు వ్యాధి, అల్జీమర్స్ వచ్చింది. దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. మొదట పేర్లు మర్చిపోవడం, తర్వాత కోపం, తర్వాత భార్యనే గుర్తుపట్టకపోవడం. జూన్ స్పెన్సర్ భర్తకు నిజంగానే ఆ వ్యాధి వచ్చింది. ఆమె తను పడిందంతా ఆ గొంతులోకి తెచ్చుకుంది. జాక్‌గా నటించిన ఆర్నాల్డ్ పీటర్స్‌కు కూడా తర్వాత అదే జబ్బు వచ్చింది. ఇలాంటి వ్యాధిని సినిమా రెండు గంటల్లో చూపించగలదు, కానీ దాని అసలు స్వభావం నెమ్మది. రోజుకు కొంచెం కొంచెంగా ఒక మనిషి తగ్గిపోవడం. దాన్ని దాని వేగంతోనే చెప్పగలిగింది సీరియల్ ఒక్కటే. ఈ రూపం ఏం చేయగలదో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందుగా దీన్నే చూపిస్తాను.

టీవీలోనూ అలాంటివాళ్లు లేకపోలేదు. బ్రిటన్‌లోనే ‘కొరొనేషన్ స్ట్రీట్’ 1960 డిసెంబరులో మొదలైంది. తొలి ఎపిసోడ్‌లో కాలేజీ కుర్రాడు కెన్ బార్లోగా వచ్చిన విలియం రోచ్ తొంభై దాటాక కూడా అదే పాత్రలో ఉన్నాడు. కానీ అతని కూతురు ట్రేసీగా ఇప్పటికి నలుగురు నటించారు. ఒకే ఇంట్లో తండ్రి కాలం నిజం, కూతురి ముఖం మారుతూ వచ్చింది.

ముఖాలు మారడం మన దగ్గరా కొత్త కాదు. ‘ఇకపై ఈ పాత్రలో ఫలానా’ అని తెర మీద ఒక వరస వస్తుంది, మర్నాటి నుంచి కొత్త మనిషి. ప్రేమీ విశ్వనాథ్ సంగతే చూడండి. ‘కార్తీక దీపం’కి మూలమైన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లో మొదట ఆమే కథానాయిక. అక్కడ ఆ పాత్ర వేరొకరికి వెళ్లింది, ఆమె ఇక్కడికి వచ్చి దీప అయింది. అక్కడివాళ్లు ఆ ముఖానికి వేరే ముఖాన్ని అలవాటు చేసుకున్నారు, ఇక్కడివాళ్లు ఇంకొకరిని ఊహించుకోలేరు. మన సీరియళ్లలో ఇంకో ప్రత్యేకత ఉంది. కథానాయికలు చాలామంది కన్నడం, మలయాళం మాట్లాడే చోట్ల నుంచి వస్తారు. ముఖం ఒకరిది, గొంతు డబ్బింగ్ కళాకారిణిది. నటి మారినా గొంతు నిలిస్తే పాత్ర బతుకుతుంది. పక్క గదిలో కూర కలుపుతూ వినే మనిషికి ఏ తేడా రాదు. నటి ఉండి గొంతు మారిన రోజున మాత్రం వంటింట్లోంచి బయటికొచ్చి చూస్తుంది. తెర మీద పేరు పెద్దగా పడని ఆ గొంతుల వాళ్లే మన సీరియళ్ల పొంతనను సగం మోస్తున్నారు.

మిగతా సగం చూసేవాళ్లు మోస్తున్నారు. మా అత్తయ్య చదివింది ఐదో తరగతి. ఒక సీరియల్లో మేనత్త పాత్ర, పిల్లాడి పుట్టువెంట్రుకలు తిరుపతిలో తీయించామని ఏదో సందర్భంలో అంది. అత్తయ్య వెంటనే, ‘కాదు, అన్నవరంలో తీయించారు, అప్పుడు దీని మొగుడు రాలేదని గొడవ కూడా అయింది’ అంది. ఆ గొడవ వచ్చి అప్పటికి మూడేళ్లయింది. ఆమెకు ఏ పాత్ర ఎవరికి ఏమవుతుందో, ఎవరి దగ్గర ఎవరు అప్పు చేశారో, ఎవరి తాళి ఎప్పుడు తెగిందో అన్నీ వరసగా తెలుసు. పెళ్లిళ్లలో మూడు తరాల బంధుత్వాలు తేల్చి చెప్పే జ్ఞాపకశక్తే ఇది, సీరియల్ మీద పనిచేస్తోంది. ఆ డైలాగు రాసినవాళ్లు ఆ జ్ఞాపకశక్తి అవతల ఉందని తలుచుకోలేదు. వాళ్ల వైపు ఇబ్బందులు నాకు తెలియకపోలేదు. కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఒకరు. మధ్యలో డైరెక్టర్లు మారతారు. ఇవాళ రాసింది రేపు షూట్ చేసి ఎల్లుండి ప్రసారం చేయాల్సిన రోజులుంటాయి. అయినా, రోజూ అదే సమయానికి వచ్చి కూర్చున్న మనిషి గుర్తుపెట్టుకున్నదాన్ని కథ చెప్పేవాడు మర్చిపోవడం నాకు మర్యాదగా అనిపించదు. ‘కార్తీక దీపం’ వెనక్కి వెళ్లినప్పుడు కూడా అదే జరిగింది. ఆటో నడిపిన శౌర్యను, డాక్టరైన హిమను కొన్ని నెలలు నమ్మినవాళ్ల సంగతేమిటి? ఆ నెలలు జరగనట్టేనా?

ఆర్చర్స్‌లో పాత్రల వివరాలన్నీ ఏళ్ల తరబడి కార్డుల మీద రాసి దాచారు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఎవరికి ఏ తిండి పడదు, ఏ పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది. వాటిని చూసుకోవడమే ఉద్యోగంగా ఒక మనిషి ఉంటారు. రచయితలు మారినా ఆ కార్డులు నిలిచాయి.

ముగిసిన కథ తిరిగి రావడానికీ రెండు దారులు కనిపించాయి. ‘క్యోంకీ’ 2025 జులై 29న మళ్లీ మొదలైంది. తులసిగా స్మృతి ఇరానీయే. అప్పటికి ఆమెకు 49 ఏళ్లు. 32 ఏళ్లకు నాయనమ్మ అయిన మనిషి ముఖంలోకి ఈసారి పాత్రకు కావలసిన ఏళ్లు నిజంగా వచ్చి చేరాయి. మన దీప, కార్తీక్ కూడా 2024 మార్చిలో ‘కార్తీక దీపం 2’తో తిరిగొచ్చారు. అవే పేర్లు, అవే ముఖాలు, కానీ కథ వేరు, బంధాలు వేరు, గతం ఏమీ లేదు. రెండూ జనం చూశారు. నాకు మొదటి దారి ఇష్టం.

మన సీరియల్ నిర్మాతలకు ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. ఆర్చర్స్‌లోలా కార్డులు రాసే ఉద్యోగం మన దగ్గరా పెట్టండి. పాత్ర పుట్టిన తేదీ, పిల్లాడి తరగతి, ఎవరికి ఏ నిజం ఏ రోజున తెలిసింది, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీశారు, అన్నీ రాసి ఉంచే ఒక మనిషికి జీతమివ్వండి. మనుషుల కోసం వెతకనక్కర్లేదు, ప్రతి వీధిలోనూ ఉన్నారు. మా అత్తయ్యనడిగితే మొదటి మూడేళ్ల కార్డులు చూడకుండానే చెబుతుంది.